పడమటి బురుజుకు దారి

ఖమ్రున్నీసా జీవితంలో తుపాకీ ముట్టుకోలేదు. ప్రొద్దుటూరులో డిగ్రీ చదివేటప్పుడు ఎన్‌సీసీకి పేరు ఇచ్చింది గానీ, తుపాకీ చూపిస్తామన్న రోజుకే ఆమెకు గవదబిళ్లలు లేచాయి. తర్వాత భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసింది, అద్నాన్‌ను పెళ్లి చేసుకుంది, ఇప్పుడు హైదరాబాదులోని ఒక చిన్న కంపెనీ కోసం ఇంట్లోనే కూర్చుని తుపాకీ ఆటలు తయారు చేస్తోంది.

తెర మీద రెండు చేతులు, ఆ చేతుల్లో ఒక తుపాకీ, ఎదురుగా శత్రువులు. ఆడే మనిషి కళ్లలోంచే అంతా కనపడే ఆట. ఆ శత్రువులు ఉండే చోటు కట్టడం ఆమె పని. గోడలు, మెట్లు, వాకిళ్లు, బురుజులు. అత్త హజరాబీ చుట్టాలతో "మా కోడలు కంప్యూటర్లో ఇండ్లు కడతాది" అని చెబుతుంది. ఆ ఇళ్లలో ఎవరుంటారని ఎవరైనా అడిగితే, "ఎవరెవరో ఉంటారు గానీ ఎక్కువసేపు ఉండరు" అంటుంది.

పాపకు ఏడు నెలలు. ముత్తవ్వ పేరు పెట్టారు, జైబున్నీసా అని. అంత చిన్న మనిషి అంత పెద్ద పేరు మోయలేదని అందరూ జైబూ అంటారు. ఖమ్రున్నీసా ల్యాప్‌టాప్‌లో రెండు పట్టికలు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. ఏ శత్రువు ఎక్కడ నిలబడాలో ఒకదాంట్లో ఉంటుంది. జైబూ ఎన్ని గంటలకు పాలు తాగింది, ఎంతసేపు పడుకుంది, ఒంటి వేడి ఎంత అన్నది రెండోదాంట్లో ఉంటుంది. ఇంట్లో థర్మామీటర్లు మూడు. రెండు తేడాగా చూపిస్తే ఏది నిజమో తేల్చడానికి మూడోది. ఒకసారి "పాలు తాగి పడుకుంది" అన్న మాట పొరపాటున మొదటి పట్టికలో పడింది. హైదరాబాదు వాళ్లు రెండో బురుజు కాపలావాడి చేత శ్రద్ధగా ఆ పని చేయించారు.

ఆ సోమవారం పొద్దున ఆమె మిద్దె మీద చాప పరిచి జైబూను ఎండలో పడుకోబెట్టి ఉండగా యోగేష్ ఫోన్ చేశాడు. యోగేష్ ఆమె పై అధికారి, ఆమెకన్నా రెండేళ్లు చిన్న. ఎలాంటి కబురైనా ఒకేలా మొదలుపెడతాడు.

"మంచి కబురు ఏంటంటే ఖమ్రున్నీసా గారూ, నిన్నటి పరీక్షలో ఒక్కరి దగ్గర కూడా ఆట ఆగిపోలేదు. మిషన్ చాలా సాఫీగా నడిచింది."

"పన్నెండు మందిలో ఎంతమంది చివరిదాకా వచ్చినారు?"

"ఇద్దరు."

"మిగతా పదిమంది?"

"కోటలో తిరుగుతున్నారు."

ఖమ్రున్నీసా చాపను అరచేతి వెడల్పు జరిపింది. పిట్టగోడ నీడ పాప కాళ్ల మీదికి వస్తోంది.

కథ ఇది. రెండేళ్ల కిందట కంపెనీ ఒక ఆట విడుదల చేసింది. అందులో ఒక సిపాయి శత్రువుల కోటలో చిక్కుకుని, చివరికి లారీ ఎక్కి తప్పించుకుంటాడు. అతనికి రేడియోలో దారి చెప్పే తోటి సిపాయి రామాంజులు మాత్రం గేటు దగ్గరే ఉండిపోతాడు. రామాంజులు అన్న పేరు పెట్టింది ఖమ్రున్నీసాయే. వీరుడి పేరులా లేదని యోగేష్ అన్నప్పుడు, రేడియో పట్టుకునే మనిషికి ఆ పేరు చాలని ఆమె చెప్పింది. ఆ ఆట కొన్న ప్రతి వందమందిలో ఒంటరిగా ఆడే కథను పూర్తి చేసింది పంతొమ్మిది మందే. మిగతావాళ్లు మూడో మిషన్‌లోనే వదిలేసి, పదిమంది కలిసి కాల్చుకునే పోటీ ఆటలోకి పోయారు. ఆ పంతొమ్మిది మందీ మాత్రం ఒకే ప్రశ్న రాశారు. రామాంజులు ఏమయ్యాడు?

అందుకే రెండో భాగం. సిపాయి మళ్లీ కోటకు పోయి రామాంజులును తీసుకురావాలి.

మొదటి భాగంలో పోవాల్సిన చోటికల్లా తెర మీద ఒక పచ్చ బాణం చూపించేది. జనం కోటను చూడడం మానేసి బాణాన్నే చూస్తున్నారని, అందుకే వాళ్లకు విసుగు పుడుతోందని, రెండో భాగంలో బాణం తీసేయాలని పట్టుబట్టింది ఖమ్రున్నీసా. తీసేశారు. ఇప్పుడు పదిమంది కోటలో తిరుగుతున్నారు.

"పైవాళ్లు ఏమన్నారంటే," యోగేష్ గొంతు తగ్గించాడు, "పది రోజుల్లో మళ్లీ పరీక్ష. పన్నెండు మందిలో ఏడుగురైనా రామాంజులు దగ్గరికి చేరాలి. లేకపోతే రెండో భాగంలో కథ ఉండదు. పోటీ ఆట ఒక్కటే. దానికి కోట కట్టే మనిషి అక్కర్లేదు, నాలుగు గోడలు చాలు. మీకు ఈ నెలాఖరు దాకే…"

"రామాంజులు సంగతి?"

"ఏ రామాంజులు? ఓ, మన రామాంజులా? అక్కడే ఉంటాడు."

ఫోన్ పెట్టేశాక ఆమె పాప నుదురు తాకి చూసింది. వేడిగా ఉంది. ఎండలో పడుకున్న పిల్ల నుదురు వేడిగానే ఉంటుందని ఎమ్మెస్సీ చదివిన మనిషికి తెలుసు. అయినా పోయి థర్మామీటర్ తెచ్చింది.

ఇంటివాళ్లను పరీక్షించడం అప్పటికే అయిపోయింది. అద్నాన్ బోరు మోటార్లకు వైండింగ్ చేసే మనిషి, చేతులు చురుకు. అతను కనపడిన ప్రతివాణ్నీ కాల్చి, చివర్లో రామాంజులును కూడా కాల్చేశాడు. "చేతులు పైకెత్తుంటే నాకేం తెలుసు, అందరూ అట్లనే ఎత్తుతాండారు" అన్నాడు. హజరాబీ అసలు ఆడనంది. "వీళ్లు మనకేం చేసినారు బేటీ? ఊరు పేరు తెలీనోళ్లను నేనెందుకు కాల్చాల?"

మిగిలింది కింది వాటాలో ఉండే ఇంటి యజమాని నారాయణ. ప్రొద్దుటూరు డిపోలో కండక్టరుగా చేసి మూడేళ్ల కిందట రిటైరైన మనిషి. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఎక్కువ భాగం జమ్మలమడుగు మీదుగా పులివెందులకు పోయే బస్సులోనే గడిచింది. భార్య కూతురి పురుడు కోసం కమలాపురంలో ఉంది. అందుకని ఆయనకు టైమే టైము. ట్యాంకు నిండిందని చెప్పడానికి పైకి వస్తే, ఖమ్రున్నీసా కుర్చీ వేసింది.

"మామా, ఒక గంట కూర్చోని ఈ ఆట ఆడాల."

"నాకేం తెలుసమ్మా? నేను పేకాట కూడా ఆడింది లేదు."

"తెలియనోళ్లే కావాల మామా నాకు."

"అట్లయితే సరే," అని నారాయణ కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నాడు. మౌస్ ఎట్లా పట్టుకోవాలో, ఏది నొక్కితే నడుస్తాడో, ఏది నొక్కితే కాలుస్తాడో చెప్పింది. ఆయన ముందు చేసిన పని తల వంచి కిందికి చూడడం.

"ఈయప్పకు కాళ్లు లేవే?"

"చేతులు మాత్రమే పెట్టినాము మామా. కాళ్లను ఎవరూ చూడరు."

"నీడ కూడా లేదు. దయ్యమా ఏంది?"

ఖమ్రున్నీసా కూడా వంగి చూసింది. మొదటి భాగం రెండేళ్ల నుంచి లక్షమంది ఆడుతున్నారు. ఇది ఎవరూ అడగలేదు.

నారాయణ తూర్పు గేటులోంచి మెల్లగా లోపలికి నడిచాడు. పెట్టెల వెనక నుంచి ముగ్గురు శత్రువులు లేచారు. ఆయన కాల్చలేదు, వాళ్లను చూస్తూ నిలబడ్డాడు. వాళ్లు ఈయన్ను కాల్చారు. మళ్లీ గేటు దగ్గర లేచాడు. మళ్లీ కాల్చారు.

"కాల్చు మామా!"

"ఉండమ్మా, చూడనీ. వీళ్లు ఈడ ఏం పని మీద ఉండారు?"

"కాపలా."

"కాపలా వాకిలి కాడ కాస్తారు గానీ పెట్టెల ఎనకాల మునికాళ్ల మీద కూర్చుంటారా? ఇంతమందికి నీళ్లు యాడినుంచి వస్తాయి? కోటంతా ఒక బాయి లేదు, ఒక కడవ లేదు. ఈ ఎండలో రెండు రోజులుంటే నువ్వు కాల్చే పనే ల్యా, వాళ్లే పోతారు."

ఖమ్రున్నీసా పట్టిక తెరిచి "నీళ్లు" అని రాసింది. తీరా చూస్తే అది జైబూ పట్టిక. చెరిపి ఇంకోదాంట్లో రాసింది.

ఇంతలో రేడియోలో రామాంజులు గొంతు వినపడింది. "గుర్రపుశాలకు పడమరగా రా. పడమటి బురుజు కింద ఉంటా."

ఇక్కడే ఆ పదిమందీ దారి తప్పింది. ఆ మాట రాసింది ఖమ్రున్నీసాయే. రాసేటప్పుడు అందులో ఏదో ప్రత్యేకం ఉందని ఆమెకు తోచలేదు. ఆమె పుట్టిన ఇంట్లో చెంబు తూర్పు పక్క గూట్లో ఉండేది, మంచం కాస్త ఉత్తరానికి జరిగేది, అన్నం వడ్డించేటప్పుడు కూడా "కొంచెం దక్షిణానికి జరుగు" అనేవాళ్లు. కుడి ఎడమలు చెప్పులకు మాత్రమే వాడేవాళ్లు. ఆ సాయంత్రం యోగేష్‌తో మాట్లాడినప్పుడు అతను అడిగిన ప్రశ్న ఇది: "పడమర అంటే లెఫ్టా, రైటా?" ఆమె "ఎటు తిరిగి నిలబడితే?" అంది.

నారాయణకు మాత్రం ఆ చిక్కు లేదు. "పడమరనే కదా" అని, గోడ నీడ చూసుకుని, గుర్రపుశాల దాటి నేరుగా నడిచాడు. చాలా బాగా నడిచాడు. గుర్రపుశాల దాటి లోపలి ఆవరణలోకి అడుగు పెట్టగానే ఆయన ఆగాడు. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. వెనక్కి గుర్రపుశాలకు పోయి, మళ్లీ ముందుకు వచ్చాడు. కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"ఏమ్మా, ఈ కోటలో పొద్దు రెండు తావుల మొలుస్తాంది."

"ఏంది మామా?"

"ఆ పక్క గోడ నీడ నా ముందరికి పడె. ఈడికొస్తే నా మీదికి పడతాంది. రెండడుగుల్లో పొద్దు తూర్పునించి పడమటికి దూకింది. ఇంగ పడమర యాడని ఎతికేది?"

ఆమె సూర్యుడి కొలతలు తెరిచి చూసింది. ఆమె గీసిచ్చిన కోటను నాలుగు ముక్కలుగా నలుగురు చేశారు, ఎవరి ముక్కకు వాళ్లే ఒక సూర్యుణ్ని పెట్టుకున్నారు. లోపలి ఆవరణ చేసినతను గోడలు బంగారు రంగులో మెరవాలని, పోస్టరుకు బాగుంటుందని, సూర్యుణ్ని నూట అరవై డిగ్రీలు తిప్పి పెట్టాడు. నాలుగు ముక్కల్నీ కలిపి కుట్టింది ఖమ్రున్నీసా. ముక్కలు కలిసేచోట ఇటుకల వరసలు కలిశాయా లేదా అని మూడు రోజులు చూసుకుంది. సూర్యుణ్ని చూసుకోలేదు. బాణం ఉన్నప్పుడు సూర్యుడితో ఎవరికీ పని పడలేదు.

నారాయణ కుర్చీలో వెనక్కి వాలాడు. "పాపకు ఎండ తగలాలని పొద్దున్నే చాపను జానెడు జానెడు జరుపుతా ఉంటావు. మీ అత్త కూడా చెప్పె, గడియారం లేకుండా మా కోడలు టైము చెప్తాదని. మరి ఈడ ఇట్ల చేసినావేందమ్మా?"

ఆమెకు ఎమ్మెస్సీలో వచ్చిన మార్కులు గుర్తొచ్చాయి. అవి మంచి మార్కులే.

ఒక్క సూర్యుణ్ని ఉంచి మిగతా ముగ్గుర్ని తీసేయడానికి పది నిమిషాలు పట్టింది. సిపాయికి నీడ పెట్టించడానికి మూడు రోజులు. నీడ పెడితే పాత కంప్యూటర్ల మీద ఆట నెమ్మదిస్తుందని యోగేష్ అన్నాడు. దయ్యం కాదని ఆడేవాళ్లకు తెలియాలని ఆమె అంది. ఇది సాంకేతిక కారణం కాదని అతను అన్నాడు గానీ, పెట్టించాడు. కోట నడుమ ఒక బావి తవ్వింది. శత్రువులకు కడవలు ఇచ్చింది. రెండో బురుజు కాపలావాడు ఇప్పుడు కొంతసేపటికొకసారి మెట్లు దిగి నీళ్లు తాగి వస్తాడు. ఆ వేళకు కాచుకుని కూర్చుంటే కాల్చకుండానే దాటిపోవచ్చు. నారాయణ అలాగే దాటాడు, మూడుసార్లు, ఊరికే.

అయినా పెద్ద చిక్కు అలాగే ఉంది. సూర్యుడు ఒక్కడే అయినా, హైదరాబాదులో ఆడేవాళ్లు సూర్యుణ్ని చూసి నడిచే మనుషులు కారు. "మా అపార్ట్‌మెంట్‌లో ఎండే రాదండీ" అన్నాడు యోగేష్. గడువుకు ఆరు రోజులు మిగిలాయి.

నారాయణకు ఈ చిక్కు అర్థం కావడానికి టైము పట్టింది. తూర్పు తెలియని మనిషి ఉంటాడంటే ఆయన మొదట నమ్మలేదు. నమ్మాక అన్నాడు: "బస్సెక్కమ్మా. పులివెందులకు పోయి వద్దాం."

"ఎందుకు మామా?"

"నేను చెప్తే రాదు. చూడాల."

ఏడు నెలల పిల్లతో బస్సు ప్రయాణం అంటే ఖమ్రున్నీసాకు దండయాత్రే. సంచిలో పాల సీసాలు నాలుగు, కాచి చల్లార్చిన నీళ్లు, థర్మామీటర్లు రెండు, గొడుగు, పొత్తిగుడ్డలు తొమ్మిది. హజరాబీ ఆ సంచి ఎత్తి చూసి, "కోట ముట్టడికి ఇంత ఎత్తకపోరు బేటీ" అని, తాను కూడా చెప్పులు వేసుకుంది.

ప్రొద్దుటూరు బస్టాండులో పొద్దున ఏడింటికి బస్సు కదిలింది. నారాయణ కండక్టరును పలకరించి, ముందు డోరు పక్కన నిలబడి మాట్లాడుతున్నాడు. ఖమ్రున్నీసా ఎడమ పక్క కిటికీ దగ్గర కూర్చోబోతే, ఆయన అక్కడి నుంచే చెయ్యి ఊపాడు. "ఆ పక్కొద్దు! కుడి పక్క!"

"ఎండే లేదు కదా మామా."

"ఇప్పుడు లేదు."

జమ్మలమడుగు దాకా బస్సు పడమటికే పోతుంది. ఎండ వెనక అద్దంలో పడింది, ఎవరికీ పట్టలేదు. జమ్మలమడుగులో సగం బస్సు ఖాళీ అయి మళ్లీ నిండింది. ఎక్కిన ప్రతి మనిషీ మెట్టు మీద ఒక్క క్షణం ఆగి, తల తిప్పి ఒకసారి చూసుకుని, కుడి పక్కకే వచ్చాడు. ఒక ముసలామె మాత్రం కండక్టరును అడిగింది. "ఎండ యా పక్క పడతాది నాయనా?" అతను చిల్లర లెక్క చూసుకుంటూనే "ఎడమ పక్కమ్మా" అన్నాడు. ఆలస్యంగా వచ్చిన నలుగురికి ఎడమ పక్క తప్పలేదు.

ఊరు దాటి బస్సు దక్షిణానికి తిరిగింది. ఆ మలుపులో ఎండ వెనక అద్దంలోంచి జారి, ఎడమ కిటికీల్లోకి వరసగా దిగింది. ఎడమ పక్క ఉన్న నలుగురూ ఒక్కసారే తువ్వాళ్లు తీసి తలల మీద వేసుకున్నారు. నిద్రలో ఉన్నతను కూడా నిద్రలోనే వేసుకున్నాడు.

ఖమ్రున్నీసా నోరు తెరిచి చూస్తోంది. జైబూ ఆమె నోట్లో వేలు పెట్టింది.

"చూసినావా," నారాయణ వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు. "ఎవరికన్నా దిక్కుల పాఠం చెప్పినానా నేను? ఇంగొకటి చూడు. ఎడమ పక్క సీట్ల మీద రంగుందా?"

లేదు. కుడి పక్క సీట్లు ముదురు నీలంగా ఉన్నాయి. ఎడమవి వెలిసిపోయి, పగిలి, లోపలి స్పాంజి కనపడుతోంది.

"పొద్దున దక్షిణానికి పోతే ఎండ ఎడమ పక్క. సాయంత్రం ఉత్తరానికి వస్తే మళ్లీ ఎడమ పక్కనే. ముప్పై ఏండ్లు చూసినా. ఈ దోవలో తిరిగే బస్సు యాడ కనపడినా సీట్లు చూసి చెప్తా."

ముద్దనూరు దాటాక ఆయన కిటికీలోంచి వెనక్కి తిరిగి చూశాడు. తర్వాత తనంతట తానే అడిగాడు.

"మీ సిపాయి ఆ రామాంజులును ఎందుకు ఇడిసిపెట్టి వచ్చినాడమ్మా?"

"ఆట అయిపోయింది మామా."

"అదొక కారణమా?"

"కాదు."

"నేను కూడా ఒకరిని ఇడిసిపెట్టినా. సర్వీసంతా కలిపి ఒక్కణ్నే." ముద్దనూరు వైపు బొటనవేలు చూపించాడు. "నీళ్లు తాగొస్తానని దిగినాడు. నేను మరిచిపోయి రైట్ చెప్పేసినా. ఆరు కిలోమీటర్లు పోయినాక వాని సంచి కనపడింది. డ్రైవరు తిప్పనన్నాడు, బస్సు నిండా జనం. ఆ దినమంతా నాకు అన్నం దిగలే. మర్నాడు అదే బస్సులో సంచి పెట్టుకోని పోయినా. ఆడనే ఉండాడు, అదే బల్ల మీద."

"తిట్టినాడా మామా?"

"లే. నిన్నటి టికెట్టు చెల్లుతాదా అని అడిగినాడు."

హజరాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నారాయణ నవ్వలేదు.

పులివెందులలో అన్నం తిని, జైబూకు వేడి లేదని రెండు థర్మామీటర్లూ ఒప్పుకున్నాక, సాయంత్రం వెనక్కి వచ్చే బస్సెక్కారు. ఈసారి ఖమ్రున్నీసా ఎవరూ చెప్పకుండానే కుడి పక్క కూర్చుంది.

మర్నాడు యోగేష్‌కు పంపిన కాగితంలో ఒక కొత్త ప్రతిపాదన ఉంది. రెండో భాగం బస్సులో మొదలవుతుంది. పొద్దున పూట, దక్షిణానికి పోయే బస్సు. సిపాయి చేతిలో తుపాకీ ఉండదు, టికెట్టు ఉంటుంది. ఎడమ పక్క కూర్చుంటే ఎండ కళ్లలో పడి ఏమీ కనపడదు. కుడి పక్క కూర్చుంటే కిటికీలోంచి దూరంగా కోట కనపడుతుంది. ఒక ముసలామె ఎక్కి, ఎండ ఏ పక్కని సిపాయినే అడుగుతుంది. సరైన పక్క చూపిస్తే "పొద్దున ఎండ తగిలేది తూర్పు నాయనా, నీ కోట పడమటుండాది" అని చెప్పి కూర్చుంటుంది. తప్పు చూపిస్తే ఎండలో కూర్చుని దారి పొడుగునా తిడుతుంది. అంతే. నాలుగు నిమిషాలు.

"నాలుగు నిమిషాలు తుపాకీ లేకుండానా?" అన్నాడు యోగేష్. "ఇది తుపాకీ ఆట అండీ!"

"మొదటి భాగంలో తుపాకీ మొదటి క్షణం నుంచీ ఉండె. ఎంతమంది పూర్తి చేసినారు?"

"అది వేరు…"

"తుపాకీ బాగా పేలాల, నిజమే. పాతదాని బరువే ఉండాల, పాతవాళ్లు చెయ్యి గుర్తు పట్టాల. అవన్నీ ఉండాయి. కానీ యాడ నిలబడినామో తెలియకుండా ఎంత పేల్చినా అది శబ్దమే కదా యోగేష్ గారూ. మనిషికి చోటు తెలియాల. వచ్చింది ఎవరికోసమో తెలియాల. రెండో భాగమంటే ఎక్కువ తుపాకులు కాదు, మొదటిదాంట్లో ఇడిసిపెట్టిన మనిషి."

ఆమె ఇంత పొడుగ్గా ఎప్పుడూ మాట్లాడలేదు. మాట్లాడాక, కాల్ మ్యూట్‌లో ఉందేమోనని భయపడి చూసుకుంది. లేదు.

"సరే," అన్నాడు యోగేష్. "పైవాళ్లకు నేను చెప్పను. పరీక్షలో చూసుకుందాం."

ఇంకొక్క మార్పు చేసింది. సిపాయి పడమటి బురుజు చేరాక రామాంజులు చెప్పాల్సిన మాటలు హైదరాబాదులో ఎవరో పన్నెండు వాక్యాలు రాశారు. అందులో మట్టి, నెత్తురు, నమ్మకం ఉన్నాయి. ఆమె పన్నెండూ తీసేసి రెండు పెట్టింది. "వచ్చినావా. నీళ్లుండాయా?" అని రామాంజులు అడుగుతాడు. అప్పుడు సిపాయి నడుముకున్న నీళ్ల సీసా తీసి ఇవ్వాలి. కొత్త బటన్ పెట్టే వ్యవధి లేదు. అందుకని ఆటంతా తుపాకీ పేల్చిన బటనే, ఆ ఒక్క చోట మాత్రం నొక్కితే, సీసా అందిస్తుంది.

పరీక్ష రోజు జైబూకు రెండు తుమ్ములు వచ్చాయి. ఖమ్రున్నీసా వాటిని పట్టికలో టైముతో సహా రాసింది. పదకొండు గంటలకు, మిద్దె మీద నీడలో ల్యాప్‌టాప్, ఎండలో జైబూ చాప పెట్టుకుని ఆమె కూర్చుని ఉండగా, యోగేష్ ఫోన్ చేశాడు. నారాయణ ట్యాంకు సంగతి చెప్పే నెపంతో వచ్చి కూర్చునే ఉన్నాడు.

"మంచి కబురు ఏంటంటే…" అన్నాడు యోగేష్.

ఆమె ఫోన్ స్పీకరులో పెట్టి చాప అంచు పట్టుకుంది.

"ఆరుగురు చేరారు."

"ఏడుగురు కావాల కదా."

"ఐదుగురు దారి తప్పారు. ఒకతను తప్పలేదు, చేరనూ లేదు. అతను బస్సు దిగలేదు."

"దిగలేదంటే?"

"నలభై నిమిషాలుగా కిటికీ పక్క కూర్చుని ఉన్నాడు. బస్సు ఎప్పుడు ఆగాలో మీరు రాయలేదు. సిపాయి లేచి డోరు దగ్గరికి వస్తేనే ఆగుతుంది. ఇతను లేవడం లేదు. ఏమైనా చెడిందా అని అడిగితే, లేదు బాగుందన్నాడు."

నారాయణ ఫోను వైపు వంగాడు. "దిగమని చెప్పప్పా! చివరి స్టేజీ అయిపోయిందని చెప్పు!"

అవతల యోగేష్ ఎవరితోనో మాట్లాడడం వినపడింది. ఫోన్ పెట్టేయలేదు. ఖమ్రున్నీసా, నారాయణ, వాకిట్లోకి వచ్చి నిలబడిన హజరాబీ, ముగ్గురూ ఫోన్‌ను చూస్తూ ఉండిపోయారు. పన్నెండు నిమిషాలు. ఆ పన్నెండు నిమిషాల్లో ఖమ్రున్నీసా చాపను జరపడం మరిచిపోయింది. పాప సగం నీడలో ఆడుకుంటోంది.

"ఎటు పోతున్నాడు?" అని ఒకసారి అడిగింది.

"నీడ వెంబడి," అన్నాడు యోగేష్. కాసేపటికి, "బావి దగ్గర కాపలావాడి కోసం కాచుకుని కూర్చున్నాడు. కాల్చడం లేదు. ఇతనికి తొందర లేదండీ." తర్వాత, "చేరాడు."

ఏడుగురు. కథ ఉంటుంది. ఆ మాట యోగేష్ రెండుసార్లు చెప్పాడు. తర్వాత మామూలు గొంతుతో, లోపాల జాబితా చదివాడు. ముసలామె తిట్లు మరీ పొడుగు. బస్సు ఎక్కడో ఒకచోట ఆగాలి. ఇంకొకటి: చివరి చోట ఏడుగురిలో ఐదుగురు బటన్ నొక్కకుండా నిమిషం, రెండు నిమిషాలు ఊరికే నిలబడిపోయారు. కారణం తెలియడం లేదు.

ఫోన్ పెట్టేశాక హజరాబీ పాయసం పెట్టడానికి లోపలికి పోయింది. నారాయణ కుర్చీని ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నాడు. ఈ పది రోజుల్లో ఆయన చివరిదాకా ఒక్కసారీ ఆడలేదు. తూర్పు గేటు, గుర్రపుశాల, బావి, ఆవరణ. నీడను ముందేసుకుని, ఎక్కడా ఆగకుండా, తన రూట్లో పోయినట్టు పోయాడు. పడమటి బురుజు కింద, గోడకు ఆనుకుని, రామాంజులు కూర్చుని ఉన్నాడు.

"వచ్చినావా," అన్నాడు రామాంజులు. "నీళ్లుండాయా?"

నారాయణ వేలు బటన్ మీద ఆగింది.

"నొక్కు మామా."

"ఇది నొక్కితే కాలుస్తాది కదా?"

"ఈడ కాల్చదు. నీళ్లిస్తాడు."

"నువ్వు చెప్తాండావు సరే. ఆయప్పకు తెలుసా?" తెర మీద తుపాకీ గొట్టం రామాంజులు మొహానికి నేరుగా ఉంది. నారాయణ వేలు తీసేసి, కీబోర్డు మీద అటూ ఇటూ వెతికాడు. "ముందు తుపాకీ కింద పెట్టే బటన్ యాడమ్మా?"

ఖమ్రున్నీసా ఆయన్ను చూసింది. అలాంటి బటన్ లేదు. మొదటి భాగంలో లేదు, రెండో భాగంలో లేదు. ఆమె పట్టిక తెరిచి, ఇది ఏ పట్టికో ఒకసారి సరిచూసుకుని, రాయడం మొదలుపెట్టింది.